భద్రం తీయని బ్యాకప్

ఆ గురువారం ఉదయం భద్రం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదికల్లా ఆఫీసుకు చేరడం, పదింటికి కాఫీ తాగడం, మధ్యాహ్నం దాకా ఎవరి కంటా పడకుండా కాలక్షేపం చేయడం, నాలుగింటికి ఇన్‌ఛార్జి కావడం. చివరిది తప్ప మిగతావన్నీ అతను రోజూ చేస్తున్నవే కాబట్టి పెద్ద ఇబ్బందేమీ ఉండదనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గడప దాటుతుంటే వెనకనుంచి భార్య పిలిచింది.

"ఇవాళైనా ఎవరేమడిగినా కాస్త ఆలోచించి జవాబు చెప్పండి."

"నేనెప్పుడు ఆలోచించకుండా చెప్పాను?"

"ఇదిగో, ఇప్పుడే" అని ఆవిడ తలుపు వేసుకుంది.

అతను పనిచేసేది లిఫ్టులను నడిపే సాఫ్ట్‌వేర్ రాసే ఒక బుల్లి కంపెనీలో. యజమానితో కలిపి అయిదుగురే. లిఫ్టు తలుపులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎవరి చెయ్యి అడ్డొస్తే ఆగాలో రాసే ఆవిడను అందరూ తలుపులక్క అంటారు. ఎంతమంది ఎక్కితే లిఫ్టు మొరాయించాలో రాసే పెద్దమనిషి బరువు బాబాయి. మనిషి మాత్రం గట్టిగా ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు. "మూడో అంతస్తు, జాగ్రత్తగా దిగండి" అని లిఫ్టు చేత మర్యాదగా పలికించే పిల్ల గొంతమ్మాయి. వీళ్ళందరి మీదా యజమాని. ఆయన ఎదురుగా ఉంటే సార్, పక్కకు తిరిగితే పెద్దాయన.

మూడేళ్ళ కిందట ఒక ఉద్యోగి మొత్తం కోడు మూటగట్టుకుని పోయి, ఎదురు వరసలోనే అచ్చం ఇలాంటి కంపెనీ పెట్టాడు. అప్పటినుంచీ పెద్దాయన ఒక కట్టుబాటు విధించారు. ఎవరి ముక్క వాళ్ళ దగ్గరే ఉండాలి. ముక్కలన్నీ కలిసిన మొత్తం కోడు మాత్రం ఆఫీసు చివరి గదిలో, సర్వరు మీద, ఒకే ఒక్క చోట ఉండాలి. ఎవరు ఏ రోజు ఏ అక్షరం మార్చారో పూసగుచ్చినట్టు దాచి ఉంచే ఆ చోటునే వాళ్ళు రెపో అంటారు. మొత్తం కోడు నకలు ఎవరి దగ్గర దొరికినా వాళ్ళు ఆ పూటే ఇంటికి పోవాలి.

రెపోకు కాపలాదారు మనవాడు. ఆ పదవికి అతనికున్న అర్హతల్లా, అతని బల్ల ఆ గదికి దగ్గరగా ఉండటమే. శుక్రవారం శుక్రవారం రెపోకు బ్యాకప్ తీసి ఒక చిన్న డిస్కులో పెట్టాలి. సోమవారం సమావేశంలో పెద్దాయన "బ్యాకప్?" అని అడుగుతారు. అతను "భద్రం సార్" అంటాడు. అలా అనీ అనీ అదే పేరైపోయింది. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

నిజానికి అతను బ్యాకప్ తీసి ఎనిమిది నెలలైంది. మొదటి శుక్రవారం డిస్కు కేబులు కనబడలేదు. రెండో శుక్రవారం కేబులు కనబడింది గానీ తలనొప్పి వచ్చింది. మూడో శుక్రవారం నుంచి కారణాలు వెతుక్కోవడం కూడా మానేశాడు. సోమవారం అబద్ధం చెప్పడానికి అర నిమిషం చాలు, శుక్రవారం బ్యాకప్ తీయడానికి రెండు గంటలు పడుతుంది. లెక్క చూసుకుంటే అబద్ధమే చవగ్గా కనబడింది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి, ఒక పది అంతస్తుల కొత్త భవనంలో లిఫ్టు మొదటిసారి కదలాలి. అందులో ఎక్కించాల్సిన కోడంతా రెపోలో ఉంది. లిఫ్టు కదిలిన మరుక్షణం పెద్దాయన అందరి ముందూ భద్రాన్ని ఆఫీసు ఇన్‌ఛార్జిగా ప్రకటించాలి.

తొమ్మిదీ పావుకు గొంతమ్మాయి వచ్చింది. "అన్నా, రెపో నా మార్పులు తీసుకోవడం లేదు. చోటు లేదంటోంది."

"చోటు లేకపోతే చేద్దాం. అదెంత పని" అని భద్రం లోపలి గదిలోకి వెళ్ళాడు.

సర్వరు నిజంగానే కిక్కిరిసి ఉంది. ఏవి తీసేద్దామా అని వెతుకుతుంటే ఒక మూల వేలకొద్దీ ఫైళ్ళు కనిపించాయి. ఒక్కదానికీ మనుషులు పెట్టాల్సిన పేరు లేదు. అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా నలభై గుర్తులు. బుద్ధున్నవాడెవడూ పనికొచ్చే వస్తువుకు ఇలాంటి పేరు పెట్టడని భద్రం తేల్చుకున్నాడు. సగం ఏరి పారేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, చేతులు దులుపుకుని వచ్చి కూర్చున్నాడు.

అయిదు నిమిషాల్లో గొంతమ్మాయి మళ్ళీ వచ్చింది. "అన్నా, ఇప్పుడు చోటుందంటోంది. రెపో లేదంటోంది."

భద్రం ముఖం మీదికి చిరునవ్వు తెచ్చుకుని, "లోపల శుభ్రం చేస్తున్నాను. ఎవరూ దాన్ని ముట్టుకోవద్దని చెప్పు" అన్నాడు.

గది తలుపు వేసుకుని ఇంటర్నెట్‌లో వెతికాడు. పాపిష్టి పేర్ల ఆ ఫైళ్ళే రెపో ప్రాణమని మొదటి పేజీలోనే తెలిసింది. అవి పోతే అన్నీ పోయినట్టే. ఇక రెండో పేజీలో ఒక ఆశ దొరికింది. పోయిన ఫైళ్ళ నకళ్ళు ఇంకెక్కడైనా ఉంటే తెచ్చి పెట్టుకోవచ్చు. కాకపోతే అచ్చం అవే అయ్యుండాలి. ఒక్క కామా ఎక్కువున్నా రెపో వాటి ముఖం చూడదు.

తలుపులు, బరువు, గొంతు ముక్కలు ఆ ముగ్గురి దగ్గరా ఉంటాయి. వాటిని అతికే ఉమ్మడి ముక్కా, పాత చరిత్రంతా మాత్రం మొత్తం కోడు నకలు తీసుకున్నవాళ్ళ దగ్గరే ఉంటాయి. అలా తీసుకోవడం దొంగతనం. ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి భద్రం, తోటి ఉద్యోగుల్లో కనీసం ఒక్క దొంగైనా ఉండాలని మనసారా కోరుకున్నాడు.

ముందు తలుపులక్క బల్ల దగ్గరికి వెళ్ళాడు. వీలైనంత ప్రేమగా, గొంతు తగ్గించి, "అక్కా, మీ దగ్గర తలుపులు కాక ఇంకేమైనా ఉందా?" అన్నాడు.

ఆ ప్రేమే కొంప ముంచింది. ఎనిమిదేళ్ళలో అతనెన్నడూ ఆవిడను ప్రేమగా పలకరించిన పాపాన పోలేదు. తలుపులక్క ముఖం పాలిపోయింది.

"ఇంకేముంటుంది? నాకు తలుపులు తప్ప ఏం తెలుసని? ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదక్కా. ఉంటే బాగుండునని..."

"ఉంటే బాగుంటుందా? నీకు బాగుంటుంది, ఎందుకు బాగుండదు!" అని ఆవిడ హ్యాండ్‌బ్యాగు గుండెకు హత్తుకుని బాత్‌రూములోకి వెళ్ళిపోయింది. లోపలనుంచి మూడుసార్లు నీళ్ళు వదిలిన చప్పుడు వినబడింది. తిరిగొచ్చాక పది అడుగుల దూరంలో కూర్చున్న బరువు బాబాయికి ఫోను చేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది.

భద్రం వెళ్ళేసరికి బాబాయి లేచి నిలబడి ఉన్నాడు. గోళ్ళ నిండా మట్టి.

"రా నాయనా, రా. సోదా చేసుకో. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేదు."

"సోదా ఏంటి బాబాయ్? ఊరికే ఒక మాట అడుగుదామని..."

"మాటలెందుకు? సొరుగు చూడు. సంచి చూడు. జేబులు చూడు. ఆ కుండీ తప్ప ఏది కావాలన్నా చూడు."

"కుండీ నేనెందుకు చూస్తాను?"

"నేనూ అదే అంటున్నా. కుండీ ఎందుకు చూడటం! అందులో ఏముంటుంది, మట్టి!" అంటూ బాబాయి మొక్కకు మరో చెంబెడు నీళ్ళు పోశాడు. అది అసలే ప్లాస్టిక్ మొక్క. ఆ సంగతి గమనించే స్థితిలో ఇద్దరూ లేరు.

మిగిలింది గొంతమ్మాయి. ఆ పిల్ల అప్పటికే ఒక కాగితం మీద రాజీనామా రాసి, దాని మీద రెండు కన్నీటి చుక్కలు రాల్చి సిద్ధంగా ఉంది.

"అన్నా, ఇది పెద్దాయనకిచ్చెయ్యండి. పోలీసుల దాకా మాత్రం తీసుకెళ్ళొద్దు. మా అమ్మకి బీపీ."

మునిగే పడవలోంచి పిల్ల ముందే దూకేస్తోందని భద్రం అనుకున్నాడు. "అంటే, నీకు తెలిసిపోయిందా?"

"మీకే తెలిసిపోయిందిగా అన్నా."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏడు నెలలు."

ఏడు నెలలుగా తన అబద్ధం తెలిసి కూడా నోరు మెదపని ఈ పిల్లను చూస్తే భద్రానికి ఏడుపొచ్చింది. "నువ్వెందుకు పోతావమ్మా? ఈ పాపంలో నీకేం సంబంధం? పోవాల్సింది నేను. నాలుగింటి తరవాత నేనిక్కడ ఉండను. ఆ ఎదురు వరసవాళ్ళ కాళ్ళు పట్టుకుని ఏదో ఒకటి చూసుకోవాలి" అని, రాజీనామా చించి ఆ పిల్ల చేతిలోనే పెట్టి వెళ్ళిపోయాడు.

గొంతమ్మాయి కన్నీళ్ళు తుడుచుకుని ఆలోచించింది. పొద్దున్నుంచీ అందరి దగ్గరికీ వెళ్ళి మొత్తం కోడు ఉందా అని కూపీ లాగుతున్నాడు. రెపోను ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. సాయంత్రానికి ఎదురు వరస కంపెనీకి పోతానంటున్నాడు. లెక్క తేలిపోయింది. ఇది సోదా కాదు, దోపిడీ! ఆ మాట తలుపులక్క చెవిన వేసింది. తలుపులక్క దానికి రెండు తలుపులు బిగించి బాబాయికి అందించింది. బాబాయి కిటికీలోంచి తొంగి చూశాడు. కింద ఎవరింటికో మంచం దింపడానికొచ్చిన వ్యాను ఒకటి ఆగి ఉంది. పెద్దాయన గదిలోకి విషయం చేరేసరికి, భద్రం సర్వరుతో సహా వ్యానెక్కబోతున్నాడు.

ఒంటిగంటకు పెద్దాయన వీధి తలుపుకు తాళం వేయించారు. అందర్నీ సమావేశం బల్ల చుట్టూ కూర్చోబెట్టి, భద్రం ముఖంలోకి చూశారు.

"నా దగ్గరే ఉప్పు తిని, నా కోడంతా ఎదుటివాడికి పట్టుకుపోతావా?"

"మొత్తం కోడు నా దగ్గరుందా సార్?" అన్నాడు భద్రం. తన దగ్గరే ఉంటే ఎంత బాగుండునో తలుచుకుని రెండు చేతులూ జోడించాడు. "మీ నోటి చలవ వల్ల ఉంటే, మీకు సాష్టాంగపడతాను సార్."

"నాటకాలొద్దు. సంచి తియ్."

సంచిలోంచి ఒక గొడుగు, ఒక టిఫిన్ డబ్బా, ఒక దువ్వెన వచ్చాయి. అడుగునుంచి బ్యాకప్ డిస్కు వచ్చింది. పెద్దాయన దాన్ని అమాంతం అందుకుని అందరికీ ఎత్తి చూపించారు. "ఇదీ సాక్ష్యం! దొంగ సొత్తుతో దొరికిపోయాడు!" అని దాన్ని తన లాప్‌టాప్‌కు తగిలించారు. చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇది ఎనిమిది నెలల కిందటిదిరా."

"అవును సార్."

"మరి కొత్తదేది?"

"అదే కొత్తది సార్."

పెద్దాయన మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. "పోనీలే, రెపోలో ఉందిగా?"

"పొద్దున తొమ్మిదిన్నర దాకా ఉంది సార్."

ఇక దాచి లాభం లేదనిపించి భద్రం మొత్తం చెప్పేశాడు. తలనొప్పి శుక్రవారం సంగతి, చెత్తనుకుని పారేసిన ఫైళ్ళ సంగతి, దొంగ కోసం పొద్దున్నుంచీ పడ్డ పాట్లు, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. ఎనిమిది నెలల అబద్ధం మోసిన బరువు దిగుతుంటే సిగ్గుతో పాటు కాస్త హాయిగా కూడా ఉంది. "నన్ను తీసెయ్యండి సార్. కానీ వీళ్ళకి ఏ పాపమూ తెలియదు. వీళ్ళ దగ్గర ఎవరి ముక్క వాళ్ళదే ఉంది. అదే నా ఖర్మ" అని ముగించాడు.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా గొంతమ్మాయి లేచింది. మెడలో గొలుసు తీసి బల్ల మీద పెట్టింది. ఏడు నెలలుగా అందరూ లాకెట్టు అనుకున్నది పెన్ డ్రైవు.

"మొత్తం కోడు సార్. మొన్న సోమవారం దాకా ఉంది."

బాబాయి దగ్గాడు. లేచి వెళ్ళి, కుండీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఇంకో పెన్ డ్రైవు పెకలించి తెచ్చాడు. దాన్నుంచి బురద నీళ్ళు కారుతున్నాయి.

"నాదీ ఉంది" అంది తలుపులక్క నీరసంగా. "అంటే, ఉండేది. పొద్దున మూడుసార్లు నీళ్ళు వదిలాను. ఈపాటికి ఊరు దాటి ఉంటుంది."

పెద్దాయన ముఖం కందగడ్డలా అయింది. "అంటే, అందరూ దొంగలేనా! ఎంత ధైర్యం మీకు? కట్టుబాటు పెట్టింది దేనికి?"

"మరి ఏం చెయ్యమంటారు సార్?" అన్నాడు బాబాయి. "వీడు 'భద్రం సార్' అన్న ప్రతిసారీ వీడి ఎడమ చెవి ఎర్రబడేది. నా ముప్పై ఏళ్ళ కష్టం ఆ చెవి మీద వదిలెయ్యమంటారా? సోమవారం మీటింగవగానే వెళ్ళి ఒక నకలు తీసుకునేవాణ్ణి."

"నేనూ అంతే" అంది తలుపులక్క. "నేను మీకంటే ముందు వెళ్ళి తీసుకునేదాన్ని."

"నేను మీరిద్దరూ వెళ్ళాక" అంది గొంతమ్మాయి.

ఎనిమిది నెలలుగా భద్రం రోజూ నిద్ర పట్టక దొర్లుతూ కాపాడుకున్న అబద్ధాన్ని ఒక్కరంటే ఒక్కరు కూడా నమ్మలేదు. ఆనందించాలో, అవమానపడాలో అతనికి అర్థం కాలేదు. రెండూ కాస్త కాస్త చేశాడు.

తిట్లకు సమయం లేదు. కొత్త భవనం దగ్గర కాచుక్కూర్చున్న లిఫ్టు మేస్త్రీ అప్పటికే రెండుసార్లు ఫోను చేశాడు. నలుగురూ సర్వరు గదిలో ఇరుక్కుని కూర్చున్నారు. గొంతమ్మాయి నకలులోంచి పాత చరిత్ర తెచ్చి పెట్టారు. ఎవరి ముక్కల్లోంచి వాళ్ళు ఈ వారం మార్పులు అందించారు. వేల ఫైళ్ళు ఒక్కొక్కటే వాటి స్థానాల్లో కూర్చున్నాయి. మూడింటికి ఒకే ఒక్కటి మిగిలింది. నిన్న సాయంత్రం ఆరింటికి ఉమ్మడి ముక్కలో బాబాయి చేసిన మార్పు అది.

"ఏం మార్చావు బాబాయ్? గుర్తు చేసుకో!"

"ఒక సంఖ్య మార్చాను. కింద ఏదో రెండు మాటలు రాశాను. కామా పెట్టానో లేదో దేవుడికే తెలియాలి" అన్నాడు బాబాయి.

కామా పెట్టి చూశారు, రెపో ఒప్పుకోలేదు. తీసి చూశారు, ఒప్పుకోలేదు. పదిహేడు రకాలుగా రాసి చూశారు. మూడున్నర అయింది. సోమవారం నకళ్ళలో బుధవారం మార్పు ఎలా ఉంటుంది? గొంతమ్మాయి మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. భద్రం గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు గుమ్మం దగ్గర పెద్దాయన గొంతు సవరించుకున్నారు. తన గదిలోకి వెళ్ళి, లోపల గడియ పెట్టుకుని, బీరువా తెరిచి మూసిన చప్పుడు చేసి, తిరిగొచ్చారు. చేతిలో రుమాలులో చుట్టిన డిస్కు ఉంది. దాని మీద నిన్నటి తేదీ, రాత్రి ఏడు గంటలు అని రాసి ఉంది.

"మీరు కూడానా సార్!" అంది తలుపులక్క.

"యజమానిని. రోజూ ఇంటికి పోయే ముందు చూసుకోవద్దూ?" అని ఆయన కిటికీ వైపు తిరిగారు. "అయినా నేను ఎదురుగా కూర్చుంటాను. ఆ చెవి నాకే బాగా కనబడుతుంది."

చివరి ఫైలు టక్కున కూర్చుంది. బాబాయి కామా కాదు, చుక్క పెట్టాడు. నాలుగుకు పది నిమిషాలుండగా రెపో తెరుచుకుంది. కోడు ఇంటర్నెట్‌లో మేస్త్రీకి చేరింది, నాలుగింటికి లిఫ్టు కదిలింది. పదో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయనీ, ఆడగొంతు చాలా మర్యాదగా దిగమన్నదనీ మేస్త్రీ ఫోనులో చెప్పాడు.

సాయంత్రం భద్రం రాజీనామా పట్టుకుని పెద్దాయన గదికి వెళ్ళాడు. ఆయన దాన్ని చదవకుండానే సొరుగులో పడేసి, ఇంకో కాగితం ముందుకు తోశారు. అది ఇన్‌ఛార్జి ఉత్తర్వు.

"సార్, పొరపాటున ఇచ్చినట్టున్నారు. నేనిక్కడ ఎవరికీ నమ్మకం లేని మనిషిని."

"అందుకేరా ఇస్తున్నది. నమ్మకమైనవాణ్ణి పెట్టాననుకో, అందరూ వాడి మీద భారం వేసి నిశ్చింతగా నిద్రపోతారు. వాడికి ఒక్కరోజు తలనొప్పి వచ్చిందా, అందరం వీధిన పడతాం. నువ్వున్నావంటే నలుగురూ కంగారుపడి నాలుగు నకళ్ళు తీసుకుంటారు. ఇంతకంటే గట్టి ఏర్పాటు ఏ కంపెనీలో ఉంది?"

భద్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లేదు సార్. బుద్ధొచ్చింది. ఇకనుంచి ప్రతి శుక్రవారం తప్పకుండా తీస్తాను."

పెద్దాయన కంగారుగా కుర్చీలోంచి లేచారు. "ఆ పని మాత్రం చెయ్యకు! నువ్వు నిజంగా తీశావంటే సోమవారం నీ చెవి మామూలుగా ఉంటుంది. అందరూ నమ్మేస్తారు. ఉత్తర్వులో రెండో పేరా చదువు."

చదివాడు. ఇన్‌ఛార్జి ఏ పరిస్థితుల్లోనూ బ్యాకప్ తీయరాదని స్పష్టంగా రాసి, కింద పెద్దాయన సంతకం పెట్టి ఉంది.

ఆనాటి నుంచీ భద్రం ప్రతి శుక్రవారం, అందరూ భోజనానికి వెళ్ళాక, గది తలుపు గడియ పెట్టుకుని దొంగతనంగా బ్యాకప్ తీసుకుంటున్నాడు.